పెన్నీల కరిగింపు వివాదం: మూలం 1857లో

ఫిలడెల్ఫియా టంకశాల 2025 నవంబరు 12న చలామణి కోసం చివరి పెన్నీని, అంటే ఒక సెంటు నాణేన్ని, ముద్రించడంతో, అమెరికాలో రాగి పెన్నీలను కరిగించరాదన్న నిషేధం ఇంకా అవసరమా అన్న వాదన మళ్లీ ముందుకొచ్చింది. మన పావలాకు 2011లో చెల్లుబాటే పోయింది. పెన్నీకి మాత్రం తయారీ ఆగిందే తప్ప చెల్లుబాటు పోలేదు. 1982లో జింకుకు మారకముందు నాటి పెన్నీల్లో 95 శాతం రాగి ఉంది. ఆ లోహం ధర ముఖ విలువను మించడం వల్లే 2006 డిసెంబరులో నిషేధం వచ్చింది.

నిషేధం ఎత్తేస్తే అరుదైన నాణేలూ కరిగిపోతాయన్న నాణేల సేకర్తల ఆందోళన అర్థం కావాలంటే 1857ను చూడాలి. 1793 నుంచి నడిచిన పెద్ద రాగి సెంటు తయారీ భారమవడంతో, ఆ ఏడాది ఫిబ్రవరి 21 నాటి చట్టం దాన్ని రద్దు చేసింది. మే 25న ఫిలడెల్ఫియా టంకశాల ఆవరణలో వేసిన చెక్క గది ముందు జనం బారులు తీరి, పాత నాణేలిచ్చి ఎగిరే గద్ద బొమ్మ ఉన్న చిన్న సెంట్లు పట్టుకెళ్లారు. తిరిగొచ్చిన రాగి కొలిమికి చేరింది. చిన్ననాటి నుంచి చేతుల్లో ఆడిన నాణెం కనుమరుగవుతుంటే, ఏడాదికొకటి చొప్పున దాచుకోవాలన్న తపన అప్పుడే బలపడింది. మరుసటి ఏడాదే ఫిలడెల్ఫియా, న్యూయార్క్‌లలో నాణేల సంఘాలు పుట్టాయి. వరస పూర్తి చేయబోయినవారికి 1815 తేదీతో సెంటే లేదని తెలిసింది.

కొలిమి ఏం మింగిందో చెప్పడానికి ఒక్క నాణెం చాలు. తొలినాళ్లలో నాణేలు ముద్రించే అచ్చులను చేత్తో చెక్కేవారు కనుక ఏ రెండూ ఒకేలా ఉండవు. 1794 నాటి ఒక రకంలో వెనుకవైపు అంచు చుట్టూ పళ్లలా ఉండే గీతల మధ్య 94 అతి చిన్న నక్షత్రాలున్నాయి. సేకర్తలు దాన్ని గుర్తించింది రద్దు జరిగిన రెండు దశాబ్దాలకు, 1877లో. ఎవరూ పోల్చుకోకముందే కరిగిపోయినవి ఇంకెన్ని రకాలో!

తయారీయే ఆగాక రాగిని వృథాగా సీసాల్లో ఉంచడమెందుకని రాగి పెన్నీలను పోగుచేసుకున్న నిల్వదారులు అడుగుతున్నారు. ఆ నిల్వల్లోనే 1909–58 నాటి గోధుమ కంకుల పెన్నీలు, అక్షరాలు జంటగా పడిన 1955 నాటివీ ఉండవచ్చన్నది సేకర్తల జవాబు. రాగిని, జింకును వేరుచేసే యంత్రం లోహాన్ని పోల్చగలదే గానీ తేదీని చదవదు.