సంగీత పాఠశాల నడపడం: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఒక చిన్న సంగీత పాఠశాల నడుపుతున్నాను. గాత్రం, వయొలిన్, మృదంగం, కీబోర్డు నేర్పుతాం. ముప్పై ఏళ్లు నిండకుండానే ఈ పనిలోకి దిగినందువల్ల కావచ్చు, సంగీతం చదువుకుని సొంతంగా బడి పెట్టాలనుకునే కుర్రవాళ్లు, అమ్మాయిలు సలహా కోసం వస్తుంటారు. వాళ్లు నమ్మే కొన్ని మాటలు వింటే భయం వేస్తుంది. పాఠం బాగా చెప్పగలిగినవాళ్లు కూడా వాటిని నమ్మి ఏడాది తిరగకముందే బడి మూసుకుంటున్నారు.

అపోహ: బాగా పాడేవాళ్లు బాగా నేర్పుతారు

కచేరీ చేసే విద్వత్తు వేరు, ఎనిమిదేళ్ల పిల్లకు మొదటి పాఠమైన సరళీ స్వరాలు చెప్పే ఓర్పు వేరు. మన పాఠాలు 15వ మేళకర్త (మూల రాగం) అయిన మాయామాళవగౌళలో మొదలవుతాయి. అందులోని ‘రి’, అంటే శుద్ధ రిషభం, షడ్జమాన్ని (‘స’) ఆనుకునే ఉంటుంది. సినిమా పాటలు వింటూ పెరిగిన పిల్లలు చాలామంది దాన్ని పైకెత్తి ఇంకో ‘రి’ అయిన చతుశ్రుతి రిషభం పాడేస్తారు. ‘తప్పు, మళ్లీ పాడు’ అని పదిసార్లు అంటే పిల్ల గొంతు బిగుసుకుంటుంది తప్ప స్వరం చోటికి రాదు. మా గాత్రం మాస్టారు అప్పుడు రిషభం మాటే ఎత్తరు. ముందు ‘స ని స’ పాడిస్తారు. ఆ ‘ని’, అంటే కాకలి నిషాదం, కూడా కిందివైపు షడ్జమానికి అంతే దగ్గర, పైగా పిల్లలకు అది తేలిగ్గా పలుకుతుంది. ఆ దూరం చెవికి పట్టాక ‘కిందికి వెళ్లినంతే పైకి వెళ్లు’ అని ‘స రి స’ అందుకుంటారు. చాలామంది పిల్లలు అక్కడే సర్దుకుంటారు.

అందుకే ఉపాధ్యాయులను తీసుకునేటప్పుడు వర్ణం పాడి వినిపించమని అడిగి ఊరుకోను. ఒక కొత్త పిల్లను ముందు కూర్చోబెట్టి, ఇరవై నిమిషాలు పాఠం చెప్పమంటాను.

అపోహ: ఎక్కువమంది చేరితే బడి నిలబడినట్లే

ఏప్రిల్, మే నెలల్లో ఏ సంగీత పాఠశాల అయినా కళకళలాడుతుంది. జూన్‌లో స్కూళ్లు తెరవగానే అసలు సంగతి తెలుస్తుంది. నేను చూసుకునే లెక్క ఒక్కటే: వేసవిలో చేరినవాళ్లలో దసరా నాటికి ఎంతమంది మిగిలారు?

పిల్లలు మానేసే చోట్లు మూడు. మొదటిది సరళీ స్వరాల తర్వాత వచ్చే జంట వరుసల దగ్గర. పాట ఇంకా రాలేదు, వరుసలు విసుగు పుట్టిస్తాయి, ఇంట్లో సాధన ఉండదు. దీనికి మేం చేసేది చాలా చిన్న పని. క్లాసు చివరి ఐదు నిమిషాలు తల్లినో తండ్రినో లోపల కూర్చోమంటాం, ఆ వారం ఏం పాడించాలో వాళ్ల ఎదుటే చెబుతాం. ఫోనులో శ్రుతి (తంబురా నాదం) పెట్టడం నేర్పి పంపుతాం. రోజుకు ఇరవై నిమిషాలు సాగిన ఇంటి పిల్లలు గీతాల దాకా వస్తారు. మలహరి రాగంలో మొదటి గీతం పాడిన పిల్ల ముఖం చూశాక తల్లిదండ్రులకు మనం వేరే నచ్చజెప్పనక్కర్లేదు.

రెండోది ఎనిమిదో తరగతి. ఐఐటీ ఫౌండేషన్ మొదలై సాయంత్రాలు పోతాయి. ఆ పిల్లల కోసం ఆదివారం ఉదయం ఆరింటికి ఒక బ్యాచ్ పెట్టండి. వారానికి ఒక్క క్లాసే అయినా దారం తెగదు.

మూడోది మగపిల్లల గొంతు మారే వయసు. ‘వీడి గొంతు పోయింది, ఇక సంగీతం ఎందుకు’ అని ఇంట్లో తేల్చేస్తారు. ఇది నన్ను అన్నిటికంటే బాధపెట్టే అపోహ. గొంతు ఎక్కడికీ పోలేదు, కిందికి దిగుతోంది. నిన్నటి దాకా ఐదు శ్రుతి ఎత్తులో పాడిన పిల్లవాడు చివరకు అంతకంటే కిందున్న ఒకటి, రెండు శ్రుతుల దగ్గర స్థిరపడవచ్చు. ఆ కొన్ని నెలలు తారస్థాయి (పై స్వరాల) జోలికి పోకుండా, గొంతుకు హాయిగా ఉన్న శ్రుతిలో మంద్ర (కింది), మధ్య స్థాయిలే పాడించాలి. తాళం, స్వరజ్ఞానం మీద పని పెట్టాలి, కుదిరితే వయొలిన్ చేతికివ్వాలి. ఆ సమయంలో పాత శ్రుతిలో గట్టిగా పాడించడం పిల్లవాడికి మంచిది కాదు.

అపోహ: విద్యకు డబ్బు గట్టిగా అడగకూడదు

విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలిసిందంటే దాని వెనుక పూసపాటి రాజుల పోషణ ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్. ఘంటసాల అక్కడ చదువుకునే రోజుల్లో మధూకరంతో, అంటే ఇంటింటా అడిగి తెచ్చుకున్న అన్నంతో, కడుపు నింపుకున్నారు. అంటే ఆనాడు పాఠాన్ని ఒక సంస్థానం, విద్యార్థులను ఊరి ఇళ్లు పోషించాయి. ఈనాడు ఆ భారమంతా నెల ఫీజు మీదే ఉంది.

ఉదాహరణకు అరవై మంది పిల్లలు, నెలకు 1,500 చొప్పున 90,000 రావాలి. అద్దె 20,000, ముగ్గురు ఉపాధ్యాయులకు 50,000, కరెంటు, వయొలిన్ తీగలు, మరమ్మతులు 6,000 తీసేస్తే 14,000 మిగులుతుంది. పన్నెండు మంది ‘వచ్చే నెల కలిపి ఇస్తాం’ అన్నారనుకోండి, 18,000 ఆగిపోయి మన జేబులోంచి 4,000 పోతుంది. ఆ నెల మాస్టారి జీతం ఆలస్యమవుతుంది. మన మొహమాటానికి వెల చెల్లించేది చివరకు ఆయనే.

ఫీజు అయిదో తేదీలోగా ఇవ్వాలని చేరిన రోజే కాగితం మీద రాసి ఇవ్వండి. మేం మానేసిన క్లాసు మళ్లీ చెబుతాం, పిల్లలు మానేసినదానికి నెలకు ఒకసారి ఉమ్మడి క్లాసు ఉంటుంది అని అందులోనే రాయండి. కట్టలేని ఇంటి పిల్లలకు ఉచిత సీట్లు ముందే లెక్కలో పెట్టుకోండి. ఆ పిల్లలెవరో తోటివాళ్లకు తెలియనివ్వకండి.

పన్నుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కళలు, సంస్కృతికి సంబంధించిన శిక్షణకు జీఎస్టీ మినహాయింపు 2022 జులై 18 నుంచి ఆ శిక్షణను వ్యక్తిగా ఇచ్చేవారికే పరిమితమైంది. బడిని కంపెనీగానో భాగస్వామ్య సంస్థగానో మారిస్తే, రాబడి ఏడాదికి 20 లక్షలు దాటాక జీఎస్టీ లెక్కలోకి వస్తుంది. పేరు నమోదు చేసే ముందే ఆడిటర్‌తో కూర్చోండి.

అపోహ: ఆన్‌లైన్ అంటే హద్దుల్లేని ఆదాయం

అమెరికాలోని తెలుగు పిల్లలకు వాళ్ల సాయంత్రమంటే మన తెల్లవారుజాము. నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పగానే మన వేళలు గంట జరుగుతాయి. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువు, శిష్యుడు కలిసి పాడలేరు; గురువు పాడాలి, ఆగాలి, వినాలి. శ్రుతి పిల్లల వైపే మోగాలి. జూమ్ లాంటివి తంబురా నాదాన్ని రొదగా భావించి కోసేస్తాయి, అందుకే శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపే సెట్టింగు పెట్టుకోవాలి. ఇంత చేస్తే గాత్రం బాగానే వస్తుంది. వయొలిన్ మొదటి నెలల్లో మాత్రం కమాను పట్టు సరిచేసే చెయ్యి పక్కన ఉండాలి. అందుకే వయొలిన్‌లో కొత్తవాళ్లను ఆన్‌లైన్‌లో చేర్చుకోను.

అపోహ: చిన్న వయసువాళ్ల దగ్గర పెద్ద విద్వాంసులు పనిచేయరు

చేస్తారు. జీతం ఒకటో తేదీన అడగకుండా ఖాతాలో పడాలి, పాఠం మధ్యలో మనం తలదూర్చకూడదు, తల్లిదండ్రుల ఫిర్యాదు ముందు మన దగ్గర ఆగాలి. ‘మాస్టారూ, ఈ పిల్లవాడికి మీరైతే ఏం చేస్తారు?’ అని అడిగితే ఆయన ఇంకో అరగంట ఉండి చెబుతారు.

అపోహ: ఆరు నెలల్లో స్టేజీ ఎక్కిస్తామనకపోతే ఎవరూ చేరరు

ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సుకే నాలుగేళ్లు, ఆపైన డిప్లొమాకు రెండేళ్లు. చేరడానికి వచ్చినవాళ్లకు ఈ మాట ముందే చెబుతాను. మొదటి ఏడాది సరళీ, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు అని రాసిన కాగితం చేతికిస్తాను. కొందరు అది చదివి వెళ్లిపోతారు. ఉన్నవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి ఉంటారు, తమ్ముడినీ చెల్లెలినీ తీసుకొచ్చి చేర్పించేది కూడా వాళ్లే.