చావెజ్ 87–0ని ఎలా చదవాలి?

1993 సెప్టెంబర్ 10న టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో మెక్సికో బాక్సర్ హూలియో సెసార్ చావెజ్ రింగులోకి దిగేటప్పటికి అతని రికార్డు 87–0, అంటే 87 గెలుపులు, ఓటములు సున్నా. ఎదురుగా నిలబడ్డ అమెరికన్ పెర్నెల్ విటేకర్‌ది 32–1. 12 రౌండ్లయ్యాక ఇద్దరు జడ్జిలు 115–115 పాయింట్లు వేశారు, మూడో జడ్జి 115–113తో విటేకర్ వైపు మొగ్గాడు. ఫలితం డ్రా. విటేకర్ తేలిగ్గా గెలిచాడని చూసినవాళ్లలో ఎక్కువమంది అన్నారు. ఇవాళ ఆ వీడియో చూసినా అలాగే అనిపిస్తుంది. రికార్డు పుస్తకంలో మాత్రం ఇద్దరికీ చెరో డ్రా పడింది, అంతే.

ఆ 87లో ఒకదానికి చిన్న పిట్టకథ ఉంది. 1981లో కులియకాన్‌లో, గంట మోగాక కొట్టినందుకు చావెజ్‌ను అనర్హుడిగా ప్రకటించారు. తర్వాత అక్కడి కమిషన్ ఆ ఓటమిని గెలుపుగా మార్చేసింది. దీనివల్ల చావెజ్ గొప్పతనం తరిగిపోదు. కానీ ‘ఓటమే లేదు’ అనే మాట ఎంత పలచనిదో తెలుస్తుంది.

అందుకే రికార్డు చూసేటప్పుడు అంకెలను వదిలి పేర్ల వెంట నడవాలి. ఆ రోజుకి ప్రత్యర్థి వయసెంత? అది అతని అసలు బరువేనా? అంతకుముందు ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నాడు? బౌట్ ఎవరి ఊళ్లో జరిగింది? ఈ ఓటమి తర్వాత అతను మళ్లీ పెద్దవాళ్లను గెలిచాడా? ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా పదునైనది. కెరీర్ మొదట్లో వరసగా పేర్చుకున్న గెలుపుల్లో పేరు గొప్ప ఊరు దిబ్బ బాపతువి ఎన్నో అక్కడే బయటపడతాయి.

రాకీ మార్సియానో 49–0నే తీసుకోండి. 1951లో అతని చేతిలో ఓడిన జో లూయీకి 37 ఏళ్లు, రిటైరై తిరిగొచ్చిన మనిషి. మరుసటి ఏడాది ఓడిన జెర్సీ జో వాల్కాట్‌కు 38. ముసలాళ్లను కొట్టాడని కొట్టిపారేయడం తేలికే. అయితే ఆ వాల్కాటే మొదటి రౌండ్‌లో మార్సియానోను పడగొట్టాడు, 13వ రౌండ్‌లో నాకౌట్ అయ్యేదాకా మూడు స్కోరు కార్డుల్లోనూ ముందున్నాడు. వయసు ఒక్కటే చూసినా లెక్క తప్పుతుంది. ఫ్లాయిడ్ మేవెదర్ 50–0లో యాభయ్యో గెలుపు ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అదే తొలి బౌట్ అయిన కానర్ మెక్‌గ్రెగర్ మీద వచ్చింది. అప్పటి ప్రపంచ ఛాంపియన్ కనేలో అల్వారెజ్ మీద గెలుపూ ఆ యాభైలోదే. రెండూ ఒక్కొక్కటిగానే లెక్కకొస్తాయి!

ఓటమినీ ఇలాగే చదవాలి. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సీడింగ్ లేకుండా వెళ్లి, ప్రీక్వార్టర్స్‌లో చైనాకు చెందిన వు యు చేతిలో 0–5తో (ఐదుగురు జడ్జిలూ వు యు వైపే) ఓడింది. వు యు టాప్ సీడ్, ఆ విభాగంలో స్వర్ణం ఆమెదే. ఎవరు ఎవరితో తలపడాలో తేల్చే పట్టికలో పేరు ఇంకో పక్కన పడి ఉంటే ఇద్దరూ అంత ముందుగా ఎదురుపడేవాళ్లు కాదు.

ఇక డిఫెన్స్. కొలవడానికి అన్నిటికన్నా కష్టమైనది ఇదే, ఎందుకంటే తగలని పంచ్ చప్పుడు చేయదు. 1985లో బ్రిటన్‌లో పరిశోధకులు హెవీవెయిట్ ఫ్రాంక్ బ్రూనో పంచ్‌ను కొలిస్తే బలం దాదాపు 4,100 న్యూటన్లు తేలింది. నాలుగు క్వింటాళ్ల బరువుతో సమానం. గ్లవ్ లక్ష్యాన్ని చేరడానికి పట్టిన కాలం సెకనులో పదో వంతు. కంటితో చూసి కదలడానికి మనిషికి ఐదో వంతు సెకను కావాలి. అంటే పంచ్‌ను చూసి తప్పుకోవడం దాదాపు అసాధ్యం. భుజం కదలికను, పాదం మీద పడే బరువును ముందే పసిగట్టాలి. పూర్తిగా తప్పించుకోలేనప్పుడు తలను పంచ్ వెళ్లే దిశలోనే తిప్పితే తాకిడి ఎక్కువసేపు సాగి, గరిష్ఠ బలం తగ్గుతుంది. ఎదురెళ్తే పెరుగుతుంది.

పంచ్‌ల లెక్కకు 1985 నుంచి కంప్యూబాక్స్ అనే కంప్యూటర్ పద్ధతి ఉంది. ఇద్దరు ఆపరేటర్లు చెరో బాక్సర్‌ను చూస్తూ నాలుగు మీటలు నొక్కుతారు: తగిలిన జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే పంచ్), తప్పిన జాబ్, తగిలిన పవర్ పంచ్ (జాబ్ కాని ఏ పంచ్ అయినా), తప్పిన పవర్ పంచ్. 2015లో మేవెదర్ మీద మానీ పాక్వియావ్ 429 విసిరితే తగిలినవి 81, అంటే 19 శాతం. చెప్పుకోదగ్గ అంకే. కానీ భుజానికి రాసుకుపోయిన పంచ్‌ను అప్పటికప్పుడు ఏ మీటలో వేయాలన్నది ఆపరేటర్ కంటికే వదిలేశారు. పైగా రింగంతా పరుగెత్తేవాడికీ ప్రత్యర్థి శాతం తగ్గుతుంది. కాబట్టి అతను తిరిగి ఎన్ని కొట్టాడో కూడా పక్కన పెట్టి చూడాలి.

నా మటుకు నేను వీడియోనే నమ్ముతాను. శబ్దం కట్టేయండి, జనం కేకలు గ్లవ్ మీద పడ్డ దెబ్బను కూడా గొప్పది చేస్తాయి. ఒకే రౌండ్‌ను రెండుసార్లు చూడండి. మొదటిసారి దాడి చేసేవాడి గ్లవ్ ఎక్కడ ఆగిందో: ముఖం మీదా, మోచేతి మీదా, గాలిలోనా. రెండోసారి, పంచ్ తప్పిన క్షణంలో తప్పించుకున్నవాడి పాదాలు ఎలా ఉన్నాయో. విటేకర్ నడుము దగ్గర వంగి దాదాపు కాన్వాస్ (రింగు నేల) దాకా దిగేవాడు, అయినా కాళ్లు ఒంటి కిందనే ఉండేవి. అందుకే లేస్తూనే ఎడమచేత్తో కొట్టగలిగేవాడు.

విటేకర్ చివరి రికార్డు 40–4–1 (గెలుపులు, ఓటములు, డ్రా), నాకౌట్లు 17. మొదటి ఓటమి 1988లో ఫ్రాన్స్‌లో, హోసే లూయిస్ రమీరెజ్ మీద. జడ్జిలు చీలి ఇచ్చిన ఆ తీర్పును చాలామంది ఇప్పటికీ ఒప్పుకోరు. మరుసటి ఏడాది అతన్నే ఓడించాడు. రెండోది 1997లో ఆస్కార్ డె లా హోయా మీద 33 ఏళ్ల వయసులో, మూడోది 1999లో ఫెలిక్స్ ట్రినిడాడ్ మీద 35 ఏళ్లప్పుడు. నాలుగోది 2001లో, కాలర్ ఎముక విరిగి నాలుగో రౌండ్‌లో ఆగిపోయినప్పుడు.