పెద్ద సంఖ్యలు: అపోహలు - వాస్తవాలు

"11,11,111 ప్రధాన సంఖ్యే కదా సార్?" కొత్త తరగతి మొదలైన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. సరి సంఖ్య కాదు, చివర 5 లేదు, అంకెల మొత్తం 7 కాబట్టి 3తో పోదు. 7, 11, 13లతో భాగించి చూసినా శేషం 1 మిగులుతుంది. ఇక ప్రధాన సంఖ్యేనని రాసేస్తారు. కాదు. 239ని 4,649తో గుణించి చూడండి.

అపోహ: అయితే ఆ సంఖ్యలో సగం దాకా ఉన్న అన్నిటితో భాగిస్తూ పోవలసిందే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఒక అమ్మాయి నోటుపుస్తకంలో పేజీలకు పేజీలు భాగహారాలు చేసుకొచ్చింది. 2తో పోదని తేలాక కూడా 4, 6, 8లతో ప్రయత్నించింది! కోప్పడలేకపోయాను. ఏదైనా వదిలేస్తే తప్పవుతుందన్న భయమే ఆమెతో అంత పని చేయించింది.

వాస్తవం: సంఖ్యను రెండు కారణాంకాల లబ్ధంగా రాస్తే రెండూ ఒకేసారి వర్గమూలాన్ని మించలేవు, కాబట్టి వర్గమూలం దాకా వెతికితే చాలు. ఇక్కడ వర్గమూలం సుమారు 1,054. ఆ లోపు ప్రధాన సంఖ్యలు 177. అన్నీ కూడా అక్కర్లేదు. మన సంఖ్యను 9తో గుణిస్తే 10⁷ − 1 వస్తుంది. అంటే దీన్ని భాగించే ఏ ప్రధాన సంఖ్యతోనైనా 10⁷ని భాగిస్తే శేషం 1. 3 ఎలాగూ పోదని చూశాం, 7 ప్రధాన సంఖ్య. కాబట్టి ఫెర్మా చిన్న సిద్ధాంతం (p ప్రధాన సంఖ్యయితే, p గుణిజం కాని ఏ సంఖ్యకైనా p − 1 ఘాతాన్ని pతో భాగిస్తే శేషం 1) ప్రకారం ఆ భాజకంలోంచి 1 తీసేస్తే 7 గుణిజం రావాలి. భాజకం బేసి కనుక 14 గుణిజమే రావాలి. ఇక మిగిలేవి 29, 43, 71, 113, 127, 197, 211, 239... ఎనిమిదో ప్రయత్నంలో దొరికింది. సంఖ్య ఎలా ఏర్పడిందో చూడకుండా భాగహారానికి దిగేవారిని చూస్తే నాకు నిజంగా జాలేస్తుంది.

అపోహ: కారణాంకాలు చూపించనిదే సంయుక్త సంఖ్య అనలేం.

1644లో ఫ్రెంచ్ పండితుడు మెర్సెన్ 2⁶⁷ − 1ని ప్రధాన సంఖ్యల జాబితాలో చేర్చాడు. అది ప్రధాన సంఖ్య కాదని 1876లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు లూకా నిరూపించాడు, ఒక్క కారణాంకం కూడా చెప్పకుండానే! 19,37,07,721, 7,61,83,82,57,287 అనే ఆ రెండు కారణాంకాలను అమెరికన్ గణితజ్ఞుడు కోల్ 1903లో గాని బయటపెట్టలేదు. ప్రధానమా కాదా అన్నది ఒక ప్రశ్న, కారణాంకాలేమిటన్నది అంతకన్నా చాలా కష్టమైన మరో ప్రశ్న.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సంఖ్య పెద్దదైతే భాజకాలు ఎక్కువ ఉంటాయా? 10,00,000కు 49 ఉన్నాయి, 10,00,003కు రెండే. ఫెర్మా సిద్ధాంతంలో చెప్పినట్టే 2³⁴⁰ని 341తో భాగిస్తే శేషం 1 వస్తుంది కాబట్టి 341 ప్రధాన సంఖ్యా? అది 11 × 31. ఇక "చివరి ప్రధాన సంఖ్య దొరికింది" అన్న పుకారు ఎన్నిసార్లు వినాలో! 2024లో దొరికిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1లో 4,10,24,320 అంకెలున్నాయి. అప్పటికి తెలిసినవాటిలో అది పెద్దది, అంతే. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని యూక్లిడ్ ఎప్పుడో నిరూపించాడు.