మాట్లాడే ఇంగ్లీష్ క్లాసు దాటి ఎప్పుడు వెళ్లిపోయింది?

క్యాంపస్ డ్రైవ్‌ల కాలం రాగానే నెల్లూరు, ఒంగోలు డిగ్రీ కాలేజీల్లో పాత తగువు మళ్లీ రాజుకుంటుంది. శ్రీసిటీ ఫ్యాక్టరీ అయినా, చెన్నై ఐటీ కంపెనీ అయినా, రాతపరీక్ష గట్టెక్కిన పిల్లలు ఇంగ్లీష్‌లో మాట్లాడలేక హెచ్‌ఆర్ ఇంటర్వ్యూలో ఆగిపోతున్నారు. తెలుగు మీడియంలో చదివి వచ్చారు, మేమేం చేయగలం అని లెక్చరర్లు అంటారు. మూడేళ్లలో మా చేత నాలుగు మాటలైనా మాట్లాడించారా అని పిల్లలు అడుగుతారు.

నెల్లూరు వీఆర్ కాలేజీ, కావలి జవహర్ భారతి లాంటి పాత కాలేజీల వైభవం అందరికీ తెలిసిందే. ఇప్పటి చిక్కు పడింది అప్పుడు కాదు, 2000ల మధ్యలో.

వైఎస్ రాజశేఖర రెడ్డి ప్రభుత్వ కాలంలో డిగ్రీ కాలేజీల్లోకి జవహర్ నాలెడ్జ్ సెంటర్లు వచ్చాయి. జేకేసీ అంటే ఆనాటి విద్యార్థులకు ఇప్పటికీ గుర్తే. కంప్యూటర్, ఆప్టిట్యూడ్, కమ్యూనికేషన్ స్కిల్స్ నేర్పి పిల్లల్ని ఉద్యోగానికి సిద్ధం చేయాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే, బాగుపడినవాళ్లూ ఉన్నారు. కానీ దాంతోపాటు ఎవరూ ప్రకటించని మార్పు ఒకటి జరిగిపోయింది. ఇంగ్లీష్‌లో మాట్లాడించడం ఇంగ్లీష్ లెక్చరర్ రోజువారీ పని కాకుండా పోయి, ట్రైనర్ పని అయింది. చేరినవాళ్లకు దక్కింది. మిగిలినవాళ్లు ఎప్పటిలాగే గైడ్లలోని ఎస్సేలు బట్టీపట్టి పాసయ్యారు. ఆ తర్వాత ఎన్ని పథకాలు వచ్చినా ఈ గీత చెరగలేదు. 2014 తర్వాత స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ వచ్చినా శిక్షణ వేరు, పాఠం వేరుగానే నడిచాయి.

అదే ఊళ్లలో ఇంజనీరింగ్ కాలేజీలు ఇంకో దారి పట్టాయి. నెల్లూరు కాలేజీలకు జేఎన్‌టీయూ అనంతపురం, ఒంగోలు కాలేజీలకు జేఎన్‌టీయూ కాకినాడ సిలబస్‌లోనే కమ్యూనికేషన్ ల్యాబ్‌ను పెట్టాయి. ఒక నిమిషం మాట్లాడటం, రోల్‌ప్లే, గ్రూప్ డిస్కషన్, వాటికి విడిగా మార్కులు. అక్కడా మొక్కుబడిగా నడిపే కాలేజీలు ఉన్నాయి. కానీ మార్కులు ఉన్నాయి గనక ప్రతి విద్యార్థీ ఒకసారైనా నోరు తెరవాల్సి వస్తుంది. డిగ్రీ పిల్లలకు ఆ అవసరమే రాలేదు. 2008లో నెల్లూరుకు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, తర్వాత ఒంగోలుకు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం వచ్చాయి. పరీక్ష తీరు మాత్రం కదల్లేదు. 2020-21 సిలబస్‌లో సంభాషణ నైపుణ్యాల పేరుతో ఒక కోర్సే పెట్టారు. దానికీ సెమిస్టర్ చివర రాతపరీక్షే.

2021-22 నుంచి డిగ్రీలో ఇంగ్లీష్ మీడియం ఒక్కటే ఉంటుందన్న నిర్ణయం వచ్చిపడింది ఈ పరిస్థితి మీదే. అంతకు ముందు ఏడాదే, 2020 ఏప్రిల్‌లో, బడుల్లో ఇంగ్లీష్ మీడియం జీవోలను హైకోర్టు కొట్టేసింది. అప్పటి వాదోపవాదాలన్నీ ఏ భాషలో చదవాలన్న దాని చుట్టూ తిరిగాయి. మాట్లాడటం ఎవరు నేర్పాలన్నది ఎవరూ అడగలేదు. 1968లో తెలుగు అకాడమీ పెట్టి పై చదువులకు తెలుగు పుస్తకాలు తెచ్చిన కాలంలోనూ అంతే. మీడియం తెలుగైతే ఇంగ్లీష్‌ను ఒక భాషగా ఇంకా శ్రద్ధగా నేర్పాలి కదా. ఆ శ్రద్ధ అప్పుడు లేదు, మీడియం మారాకా రాలేదు.

పిల్లల వాదనలో ఎంత నిజముందో ఒక మాక్ ఇంటర్వ్యూ దగ్గర కూర్చుంటే తెలిసిపోతుంది. పొగాకు పండే పొదిలి వైపు కుర్రాడు సెల్ఫ్ ఇంట్రడక్షన్ గడగడా అప్పజెప్పేస్తాడు. మీ నాన్న ఏం చేస్తారు అని ఇంగ్లీష్‌లో అడగండి. ‘ఫార్మర్ సర్’ అని ఆగిపోతాడు. బ్యారన్‌లో పొగాకు ఎలా కాలుస్తారో, వేడి ఎక్కడ తగ్గించాలో, వేలం కేంద్రంలో పొగాకు బేలు ఎందుకు తిరిగొస్తుందో అతనికి తెలియంది లేదు. తెలిసిన సంగతి చెప్పడానికి తప్పో ఒప్పో ఇంగ్లీష్ వాడే అవకాశం అతనికి ఎవరూ ఇవ్వలేదు. బట్టీపట్టిన పేరా అయిపోగానే టెన్షన్ మొదలవుతుంది.

బట్టీ పట్టించకుండా భాషను వాడిస్తూ నేర్పడం కొత్త విషయమూ కాదు. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు అనే ఆచార్యుడు బెంగళూరు, మద్రాసు బడుల్లో ఇదే చేసి చూపించారు. వ్యాకరణ పాఠం పక్కనపెట్టి పిల్లల ముందు రైళ్ల టైంటేబుల్, మ్యాపు లాంటివి ఉంచి లెక్క తేల్చమన్నారు. ఆ ప్రయత్నంలోనే భాష వస్తుందన్నది ఆయన నమ్మకం. ఇంగ్లీష్ బోధన చదివే ప్రపంచమంతా ఆ ప్రయోగాన్ని చదువుకుంటోంది. మద్రాసు పక్కనే ఉన్న నెల్లూరు క్లాసుల్లో దాని జాడ కనపడదు.

లెక్చరర్ల ఇబ్బందినీ కొట్టిపారేయలేం. అరవై మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరి చేత మాట్లాడిస్తే పీరియడ్ చాలదు. సిలబస్ పూర్తి కాకపోతే అడిగేది వాళ్లనే. అయితే ఇద్దరిద్దరిని కలిపి మూడు నిమిషాలు మాట్లాడుకోమంటే అరవై మందికీ పట్టేది ఆ మూడు నిమిషాలే. గోల అవుతుంది, అవ్వనివ్వాలి.

అందుకే ఈసారి పిల్లలు కోరుతున్నది ఇంకో శిక్షణ కేంద్రం కాదు. ఇంగ్లీష్ పేపర్లోనే మాట్లాడటానికి కొన్ని మార్కులు కేటాయించాలని, అది మొదటి సెమిస్టర్ నుంచే మొదలు కావాలని. ఇందుకు ప్రభుత్వం కొత్త పథకం తేనక్కర్లేదు. నిర్ణయం తీసుకోవాల్సింది రెండు విశ్వవిద్యాలయాల్లో సిలబస్ తేల్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లే.