మౌనానికి సాకు దొరకని కాలం

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. చెట్లు, కరెంటు స్తంభాలు కూలాయి, సెల్ టవర్లు మూగబోయాయి. ఊరికి దూరంగా ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నల గొంతు వినలేక తల్లడిల్లారు. ఫోను ఎందుకు ఎత్తలేదని మాత్రం ఆ రోజుల్లో ఎవరూ ఎవరినీ నిలదీసి ఉండరు. తుపానే జవాబు.

నెల తిరగకముందే వాట్సాప్‌లో నీలం టిక్కులు వచ్చాయి.

అప్పటిదాకా రెండు బూడిదరంగు టిక్కులంటే సందేశం అవతలి ఫోనుకు చేరిందని మాత్రమే. చదివారో లేదో తెలిసేది కాదు. ఆ తెలియకపోవడమే ఇద్దరి పరువూ కాపాడేది. నీలం రంగు పడగానే ‘చూసి కూడా పలకలేదు’ అనే కొత్త నింద పుట్టింది. జనం గగ్గోలు పెడితే టిక్కులు దాచుకునే వీలు కల్పించారు, ఒక మెలికతో: మీవి దాచుకుంటే ఎదుటివారివీ మీకు కనబడవు.

ఎదురుచూపు ఈ ఊరికి కొత్త కాదు. నౌకాదళంలోనో సరకుల ఓడల మీదో పనిచేసేవాళ్లున్న ఇళ్లు ఇక్కడ చాలా. ఓడ ఏదో ఒక రేవు చేరితేనే ఉత్తరం పోస్టులో పడేది. ఆలస్యానికి దూరమే సాకు. ఎస్టీడీ బూత్‌లు వచ్చాక దూరం తగ్గింది, ఖర్చు మిగిలింది. పావు ఛార్జీ వేళ కోసం రాత్రి పొద్దుపోయేదాకా బూత్ ముందు నిలబడ్డవారికి అది గుర్తుంటుంది. 2003లో సెల్‌ఫోనుకు వచ్చే కాల్స్ ఉచితమయ్యాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌక కావడంతో ‘బ్యాలెన్స్ లేదు’ అన్న మాటా చెల్లకుండా పోయింది.

ఈలోగా అమెరికాలో ఇంకో పని జరుగుతోంది. సమాచారం పెరిగేకొద్దీ మనిషి ధ్యాసకు కరవు వస్తుందని ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే చెప్పాడు. ఆ ధ్యాసను పట్టి ప్రకటనదారులకు అమ్మడమే తర్వాత పెద్ద వ్యాపారమైంది. 2006లో ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ తెచ్చింది. అడుగు తగలని స్క్రోలింగ్‌ను ఎజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించిందీ ఆ ఏడాదే. తర్వాత ఆయనే దానికి చింతించాడు (మన బొటనవేలికి ఆ కబురు అందినట్టు లేదు). 2009లో లైక్ బటన్ వచ్చింది. ఒక్క మనిషి జవాబు కోసం ఉన్న ఎదురుచూపు దానితో ఊరందరి మీదికీ పాకింది. ఆర్కే బీచ్‌లో సూర్యోదయాన్ని ఫొటో తీసి పెట్టినవారు, ఎండ ముదిరేదాకా సముద్రాన్ని వదిలి అంకెను చూస్తారు. ఆ అంకెను దాచుకునే వీలు ఇన్‌స్టాగ్రామ్ 2021లో గానీ అందరికీ ఇవ్వలేదు.

ఉద్యోగాల సంగతి మరీ ఇరుకు. షిఫ్టు ముగిసి గేటు దాటితే ఒకప్పుడు పని గేటు లోపలే ఉండిపోయేది. పనివేళల తర్వాత ఫోనుకు పలకకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి చట్టంలో గుర్తించింది. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే 2018లో అలాంటి ప్రైవేటు మెంబరు బిల్లే పెట్టారు, అది చట్టం కాలేదు. ఆఫీసు గ్రూపులో రాత్రి పదింటికి సందేశం పెట్టిన అధికారి, దాన్ని ఎవరెవరు చదివారో పేరుపేరునా చూసుకోవచ్చు. నీలం టిక్కులు దాచుకునే సదుపాయం గ్రూపులకు వర్తించదు.