ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డిజైన్: కాటా దగ్గర తేలిన అపోహలు, వాస్తవాలు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు పరిశ్రమలకు కాయల కొనుగోలు సాఫ్ట్‌వేర్ రాయడం మా పని. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డిజైన్ అంటే ప్రోగ్రామును, సమాచారాన్నీ దాని మీద చేసే పనులనూ కలిపి పట్టుకునే ఆబ్జెక్టులుగా విడగొట్టి రూపొందించడం. దాని గురించి కొత్తగా చేరే ఇంజనీర్ల నోట ఏటా వినబడే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అవసరాల పత్రంలోని నామవాచకాలను ఏరితే క్లాసులు (ఒక రకం ఆబ్జెక్టులకు నమూనాలు) వాటంతట అవే వస్తాయి.

వాస్తవం: తొలి జాబితాకు ఆ పద్ధతి పనికొస్తుంది, అంతకు మించి నమ్మితే ముంచుతుంది. ఒకచోట మేము ‘సరఫరాదారు’ అనే క్లాసు కింద ‘రైతు’, ‘ర్యాంపు వ్యాపారి’ (ఊళ్లలో కాయలు కొని, ర్యాంపు అనే చోట పోగుచేసి అమ్మేవారు) అని, దాని లక్షణాలు అందుకునే రెండు ఉపక్లాసులు పెట్టాము. తోతాపురి కోతలు మొదలయ్యాక, సొంత తోట ఉండి పక్క ఊళ్ల కాయలు కూడా కొని ర్యాంపు నడిపే ఒకాయన రెండు లోడ్లతో గేటు దగ్గరికి వచ్చారు. ఆయనకు రెండు సరఫరాదారు కోడ్లు ఇవ్వక తప్పలేదు. ఒక కోడు మీద తీసుకున్న అడ్వాన్సు రెండో కోడు బిల్లులో మినహాయింపు కాలేదు. లెక్కల గుమాస్తా మమ్మల్ని అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు. రైతు, వ్యాపారి అనేవి మనుషుల్లో రకాలు కావు, ఒక్కో లోడు విషయంలో మనిషి పోషించే పాత్రలు. పాత్రను లోడుకు ముడిపెట్టాక చిక్కు విడిపోయింది. 1989లో కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ పరిచయం చేసిన సీఆర్‌సీ (క్లాస్, రెస్పాన్సిబిలిటీ, కొలాబొరేషన్) కార్డులు, అంటే ఒక్కో క్లాసుకు ఒకటి చొప్పున రాసుకునే చీటీలు కూడా క్లాసు పేరుతో ఆగకుండా, దాని బాధ్యత ఏమిటి, అందుకు ఎవరి సాయం కావాలి అని అడుగుతాయి.

అపోహ: యూఎంఎల్ (యూనిఫైడ్ మోడలింగ్ లాంగ్వేజ్) ఒక డిజైన్ పద్ధతి.

వాస్తవం: అది డిజైన్‌ను బొమ్మలుగా గీసే సంకేత భాష మాత్రమే. గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా 1995లో విడుదల చేసిన ముసాయిదా పేరు ‘యూనిఫైడ్ మెథడ్’. తర్వాత ఐవార్ జేకబ్సన్ కూడా చేరి, ‘మెథడ్’ పోయి ‘లాంగ్వేజ్’ వచ్చింది. ఓఎంజీ (ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్) అనే ప్రమాణాల సంస్థ 1997లో ప్రమాణంగా స్వీకరించింది ఆ భాషనే.

అపోహ: క్లాస్ డయాగ్రం (క్లాసులు, వాటి సంబంధాలు చూపే బొమ్మ) పూర్తయితే స్పెసిఫికేషన్ (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే వివరణ) పూర్తయినట్లే.

వాస్తవం: లోడు, తూకం, బిల్లు అని పెట్టెలు గీసి గీతలతో కలిపినంత మాత్రాన, రెండో తూకం (కాయలు దించాక బండిని తూచేది) కాకముందే బిల్లు కొట్టకూడదన్న నియమం అందులో కనబడదు. దానిని షరతుగా రాయాలి. బిల్లుకు ముందు రెండు తూకాలూ నమోదై, మొదటిది రెండోదానికంటే ఎక్కువ ఉండాలి. బిల్లు తర్వాత దానిలోని బరువు ఆ రెండింటి తేడాకు సమానం కావాలి. బిల్లయిన లోడు తూకాలు ఎన్నడూ మారరాదు. బెర్ట్రాండ్ మేయర్ ఐఫెల్ భాషలో ‘డిజైన్ బై కాంట్రాక్ట్’ పేరిట చేర్చినవి ఇలాంటి షరతులే. యూఎంఎల్ బొమ్మలకు వీటిని జోడించడానికి ఓసీఎల్ (ఆబ్జెక్ట్ కన్‌స్ట్రెయింట్ లాంగ్వేజ్) అనే షరతుల భాష ఉంది. మేమైతే ముందు తెలుగులోనే రాసి కాటా గుమాస్తాకు చదివి వినిపిస్తాము. ‘సగం దించాక కాయ పచ్చిగా ఉందని మిగతాది వెనక్కి పంపితే?’ అని ఒకసారి ఆయన అడిగారు. తేడా లెక్క అప్పుడూ సరిపోయింది, కానీ మేము పెట్టిన ‘ఖాళీ తూకం’ అన్న పేరు తప్పని తేలి, ‘బయటికెళ్లే తూకం’గా మార్చాము.

అపోహ: ప్రోగ్రాము కోడు మళ్లీ వాడుకోవడానికే ఉపక్లాసు.

వాస్తవం: బార్బరా లిస్కోవ్, జానెట్ వింగ్ 1994లో స్పష్టం చేసినట్లు, మాతృక్లాసు ఇచ్చిన హామీలన్నీ ఉపక్లాసూ నిలబెట్టాలి. ఎంత లోడైనా తూస్తానన్న ‘కాటా’ కింద, ట్రాక్టరు లోడు దాటితే ఒప్పుకోని ‘చిన్న కాటా’ను పెడితే ఆ హామీ చెడుతుంది.

అపోహ: ఎజైల్ (సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతల్లో తయారుచేసే పద్ధతి)లో డిజైన్ అక్కర్లేదు.

వాస్తవం: డిజైన్‌కు పనికొచ్చే సీఆర్‌సీ కార్డులు తెచ్చిన బెక్, కన్నింగ్‌హామ్ ఇద్దరూ 2001 నాటి ఎజైల్ ప్రకటన మీద సంతకం చేసినవారే.