వాండెన్‌బర్గ్: సైన్యం నేల మీద ప్రైవేటు రాకెట్ ఎవరిది?

కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ స్థావరం నుంచి స్పేస్‌ఎక్స్ ఏడాదికి 100 దాకా రాకెట్లు ప్రయోగించవచ్చని 2025 అక్టోబరులో అమెరికా వైమానిక దళం తేల్చేసింది. అంతకు రెండు నెలల ముందే తీరాన్ని కాపాడే రాష్ట్ర సంస్థ కోస్టల్ కమిషన్ కుదరదని ఓటేసింది. సైన్యం నేల మీంచి లేచే ప్రైవేటు రాకెట్‌ది ప్రభుత్వ పనా, కంపెనీ పనా అన్న పాత గొడవ మళ్లీ రాజుకుంది.

ఈ స్థావరంలో క్షిపణులు, గూఢచారి ఉపగ్రహాల కాలం సంగతులు అందరూ రాసినవే. ఒక్కటి మాత్రం చెప్పాలి. శ్రీహరికోట నుంచి ధ్రువ కక్ష్యకు, అంటే ఉత్తర దక్షిణ ధ్రువాల మీదుగా తిరిగే దారికి వెళ్లే పీఎస్‌ఎల్‌వీ శ్రీలంకను తప్పించుకుంటూ దారి మళ్లాలి. అందువల్ల మోయగలిగే బరువు తగ్గుతుంది. వాండెన్‌బర్గ్‌కు దక్షిణాన అంతా సముద్రమే. అందుకే ఆ తీరానికి అంత గిరాకీ.

నేటి తగాదాకు మూలం 1986లో ఉంది. సైనిక అవసరాలకు స్పేస్ షటిల్‌ను ఇక్కడి నుంచే పంపాలని ఎస్‌ఎల్‌సీ-6 అనే ప్రయోగ వేదికను సిద్ధం చేశారు. పరీక్షల కోసం చేసిన షటిల్ ఎంటర్‌ప్రైజ్‌ను తెచ్చి నిలబెట్టి అమరికలన్నీ సరిచూసుకున్నారు. తొలి యాత్రకు సారథిగా రాబర్ట్ క్రిపెన్ పేరు కూడా ఖరారైంది. జనవరి 28న ఛాలెంజర్ షటిల్ పేలిపోయింది. ఆ వేదిక నుంచి ఒక్క షటిల్ కూడా లేవలేదు. ఆగస్టులో అధ్యక్షుడు రీగన్, వాణిజ్య ఉపగ్రహాల ప్రయోగాల నుంచి షటిల్‌ను తప్పిస్తున్నట్టు ప్రకటించారు. ఆ వ్యాపారం ప్రైవేటు రాకెట్లకు వెళ్లింది. వేదికలు మాత్రం సైన్యం చేతిలోనే ఉన్నాయి. కంపెనీలు అక్కడ అద్దెకు దిగాయి.

1972 నాటి తీర చట్టం ప్రకారం, కేంద్రం చేసే పనికి కమిషన్ అభ్యంతరం చెప్పగలదు కానీ అడ్డుకోవడం కష్టం. ప్రైవేటు పనైతే కంపెనీయే వచ్చి అనుమతి అడగాలి. స్పేస్‌ఎక్స్ ప్రయోగాలన్నీ దేశ భద్రతకు పనికొచ్చేవేనన్నది సైన్యం వాదన. చాలా ప్రయోగాల్లో వెళ్లేవి కంపెనీ సొంత స్టార్‌లింక్ ఉపగ్రహాలే కదా అని కమిషన్ అడుగుతోంది. న్యాయమైన ప్రశ్నే. 2018 నుంచి రాకెట్ కింది భాగాలైన బూస్టర్లు తిరిగొచ్చి ఆ గట్టు మీదే దిగడం మొదలైంది. ఆ శబ్దానికి పక్కనున్న లాంపోక్ ఊళ్లో కిటికీలు అదురుతాయి. కొన్ని ప్రయోగాలకు జలామా బీచ్ ఖాళీ చేయిస్తారు. స్నోయీ ప్లోవర్ పిట్టలు గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే. చుమాష్ ఆదివాసులకు అది పూర్వీకుల నేల.

2024 అక్టోబరులో 36 ప్రయోగాలను 50కి పెంచే ప్రతిపాదనను కమిషన్ 6-4తో తిరస్కరించింది. ఆ సమావేశంలో కొందరు సభ్యులు స్పేస్‌ఎక్స్ అధిపతి మస్క్ రాజకీయాలను ఎత్తడం తప్పే. కంపెనీ దాన్నే పట్టుకుని కోర్టుకెక్కింది. ఇప్పుడు ఆ ఎస్‌ఎల్‌సీ-6 కూడా లీజు మీద స్పేస్‌ఎక్స్ చేతిలోనే ఉంది. అక్కడి నుంచి కంపెనీ భారీ రాకెట్ ఫాల్కన్ హెవీని పంపే ప్రణాళిక కూడా 100 ప్రయోగాల అనుమతిలో భాగమే.